కడలి అంచున నెలవంక: మన ఛాయాచిత్రాలపై ఒక విమర్శ

ప్రతి సంవత్సరమూ ఉగాది వచ్చి వెళ్ళిన తరువాత మన ఇండ్లలో కొన్ని బొమ్మలు మిగులుతాయి. పండుగ కార్డులు, కేలండరు పుటలు, ఫోనులలో ఒకరికొకరు పంపుకొన్న శుభాకాంక్షలు. వాటిలో మామిడాకుల తోరణము, ఉగాది పచ్చడి గిన్నె ఎప్పుడూ ఉండేవే. ఈ మధ్య వాటితోపాటు మరొక బొమ్మ తరచుగా కనబడుతున్నది. అది పడమటి సముద్రం మీద క్రుంగుతున్న నెలవంక. మన యువకులు కెమెరాలు పట్టుకొని ఫ్లిక్-ఆన్-ఫ్లాక్, తమరిన్, అల్బియాన్ తీరాలకు పోయి ఈ ఫోటోలు తీస్తున్నారు. ఇది సంతోషించవలసిన విషయము.

అయితే మనలో ఒక అలవాటు ఉన్నది. పాటను విమర్శిస్తాము, నాటకాన్ని విమర్శిస్తాము, పిల్లలు చదివిన పద్యంలో ఒత్తు తప్పితే వెంటనే చెబుతాము. ఫోటోను మాత్రం "బాగుంది" అని ఒక్క మాటతో వదిలివేస్తాము. ఫోటో అబద్ధమాడదు అనే నమ్మకం దీనికి కారణం కావచ్చును. కాని ఫోటో కూడ మాట్లాడుతుంది. మాట్లాడేది ఏదైనా నిజం చెప్పగలదు, అబద్ధమూ చెప్పగలదు. అందుచేత ఈ నెలవంక బొమ్మలను కొన్నింటిని ఇక్కడ పరిశీలింపదలచినాము. వాటిని తీసినవారి పేర్లు, అచ్చువేసినవారి పేర్లు మనకు అవసరం లేదు. బొమ్మను గూర్చి మాట్లాడితే చాలును.

ముందుగా ఒక సంగతి గమనించాలి. తెలుగు దేశపు తీరం తూర్పు తీరం. కోరంగి, విశాఖపట్టణం రేవులలో నిలబడి చూస్తే పున్నమి చంద్రుడు సముద్రంలోనుంచి లేస్తాడు. విదియనాటి చిన్న చంద్రుడు మాత్రం వీపు వెనుక, కొండల మీద, తాటిచెట్ల మీద అస్తమిస్తాడు. నెలవంక నీటిలోకి దిగటం అక్కడి ఒడ్డున కనబడే దృశ్యం కాదు. మన పూర్వీకులు చెరకు తోటల పనికి ఒప్పంద కూలీలుగా ఓడ ఎక్కిన తరువాతనే, నాలుగు దిక్కులా నీరు తప్ప మరేమీ లేని చోట, ఆ దృశ్యాన్ని మొదటిసారి చూసి ఉంటారు. తరువాత ఈ దీవి పడమటి ఒడ్డున వారి పిల్లలు, పిల్లల పిల్లలు దానిని నెలనెలా చూస్తూ వచ్చారు. కాబట్టి కడలిపై క్రుంగే నెలవంక మనకు ఆంధ్రదేశంనుంచి పెట్టెలో వచ్చిన వస్తువు కాదు. అది మన ప్రయాణంలో మనకు దొరికినది. దానిని మన కెమెరాతో తీయటంలో ఒక న్యాయం ఉన్నది. ఆ న్యాయాన్ని నిలబెట్టుకొన్నామా లేదా అన్నదే మా ప్రశ్న.

ఇప్పుడు మొదటి బొమ్మ. ఇది ఒక ఉగాది కార్డు. ముందు ఇసుక, రెండు ఫిలావో చెట్లు, అంటే ఆంధ్రలో సరుగుడు అనే చెట్లు. దూరాన పగడపు దిబ్బల మీద విరుగుతున్న అలల తెల్లని గీత. ఆకాశం అడుగున నారింజ రంగు, పైన నీలం. ఇవన్నీ మన తీరమే అని ఎవరైనా గుర్తు పట్టగలరు. కాని మధ్యలో ఉన్న నెలవంక నీటిపై తేలే పడవవలె సమంగా పడుకొని ఉన్నది. రెండు కొమ్ములూ ఒకే ఎత్తులో ఉన్నాయి. చూడటానికి చక్కగా ఉన్నది. అయితే ఉగాది వేళ మన దీవిలో నెలవంక ఆ విధంగా ఉండదు.

కారణం కష్టమైనది కాదు. ఆరవ తరగతి పిల్లలకు నల్లబల్లపై చెప్పవచ్చును. నెలవంక కడుపు ఎల్లప్పుడూ సూర్యుని వైపే తిరిగి ఉంటుంది. సాయంకాలం సూర్యుడు క్షితిజం క్రిందికి పోయి ఉంటాడు గనుక వెలిగే అంచు క్రిందుగా ఉంటుంది. ఎంత క్రిందుగా, ఏ వైపుగా అన్నది సూర్యచంద్రులు నడిచే దారి ఏటవాలును బట్టి ఉంటుంది. మనం 20 డిగ్రీల దక్షిణ అక్షాంశంలో ఉన్నాము. పడమరకు ముఖం పెట్టి నిలబడితే ఉత్తరం మనకు కుడిచేతి వైపు. ఇక్కడ సూర్యుడు కుడినుంచి ఎడమకు ఏటవాలుగా దిగుతాడు. కోరంగి సుమారు 17 డిగ్రీల ఉత్తరంలో ఉన్నది. అక్కడ ఎడమనుంచి కుడికి దిగుతాడు. దీనికి ఋతువును బట్టి మరొక 23 డిగ్రీల ఒరుగుడు ఒకసారి కలుస్తుంది, ఒకసారి తీసివేయబడుతుంది. చైత్రమాసంలో లెక్క వేస్తే కోరంగిలో నెలవంక ఒరుగుడు సుమారు 7 డిగ్రీలే. అనగా దాదాపు సమమైన పడవ. మన దగ్గర అది 40 డిగ్రీలు దాటుతుంది. కడుపు ఎడమవైపు క్రిందికి, కొమ్ములు కుడివైపు పైకి; ఒంపబోతున్న గిన్నె వలె ఉంటుంది. చంద్రుని దారి సూర్యుని దారికి 5 డిగ్రీలు అటూ ఇటూ ఉండటం వల్ల సంవత్సరాన్ని బట్టి ఈ లెక్క కొంత మారుతుంది గాని, గిన్నె పడవగా మారదు.

ఇది పడమటి దేశాలనుంచి తెచ్చిన కొత్త శాస్త్రం కూడ కాదు. సూర్యసిద్ధాంతంలో చంద్రుని కొమ్ముల ఎత్తును గూర్చి, అంటే శృంగోన్నతిని గూర్చి, ఒక అధ్యాయమే ఉన్నది. కొమ్ముల తీరును లెక్కించవలసిన విషయంగా మన పెద్దలు భావించారు. దానిని ఇష్టం వచ్చినట్లు తిప్పుకొనే అలంకారంగా భావించలేదు.

ఆ ఫోటో తీసిన అబ్బాయి అసలు ఫోటోను మాకు చూపించినాడు. అందులో నెలవంక ఒరిగే ఉన్నది. కార్డు తయారు చేసినవారు దానిని కత్తిరించి, తిప్పి, తిరిగి అతికించారు. ఎందుకని అడిగితే, "వంకరగా ఉన్నది, సరిచేశాము" అన్నారట. వంక ఉన్నందువల్లనే కదా దానికి నెలవంక అని పేరు! వంకరను సరిచేసిన తరువాత మిగిలినది కోరంగి ఆకాశం. దాని క్రింద ఉన్నది ఫ్లిక్-ఆన్-ఫ్లాక్ సముద్రం. ఆ రెండూ ఒక్క సాయంకాలం ఒక్క చోట ఉండవు.

రెండవ బొమ్మ ఒక కేలండరులోది. ఫ్లిక్-ఆన్-ఫ్లాక్ ఒడ్డునుంచి తీసినట్లు క్రింద వ్రాసి ఉన్నది. అందులో ల మోర్న్ కొండ వెనుక నెలవంక అస్తమిస్తున్నది. ల మోర్న్ అంటే ఈ దీవిలో ప్రతివారికీ గౌరవం. పారిపోయిన బానిసలకు ఆశ్రయమిచ్చిన ఆ కొండ 2008లో ప్రపంచ వారసత్వ స్థలమైనది. దాని మీద చంద్రుణ్ణి పెట్టాలన్న కోరిక మాకు అర్థమవుతుంది. కాని ఫ్లిక్-ఆన్-ఫ్లాక్ నుంచి చూస్తే ల మోర్న్ దాదాపు దక్షిణాన ఉంటుంది. చంద్రుడు ఎంత దక్షిణంగా పోయినా మన దీవిలో అస్తమించే చోటు పడమరకు సుమారు 30 డిగ్రీల దక్షిణాన్ని మించదు. అక్కడనుంచి ఆ కొండ వెనుక చంద్రుడు ఏనాడూ అస్తమింపలేదు, ఇకముందు అస్తమింపడు. ల మోర్న్‌కు తూర్పున, దక్షిణ తీరం మీద నిలబడితే కొన్ని మాసాలలో అటువంటి దృశ్యం దొరకవచ్చును. అందుకు బస్సు ఎక్కి పోవాలి, సాయంకాలాలు కాచుకొని ఉండాలి. కేలండరు బొమ్మ ఆ శ్రమను తప్పించుకొన్నది. శ్రమ తప్పించుకొన్న సంగతి బొమ్మలో కనబడుతున్నది కూడ. చంద్రుడు కొండ శిఖరమంత పెద్దగా ఉన్నాడు. క్షితిజం దగ్గర ఉండవలసిన ఎర్రదనం లేకుండా పాలవలె తెల్లగా ఉన్నాడు. నడినెత్తిన ఉన్నప్పటికంటె దాదాపు 38 రెట్లు మందమైన గాలిలోనుంచి వచ్చే వెలుగు తెల్లగా ఎట్లా ఉంటుంది?

మూడవ రకం బొమ్మలు చాల ఉన్నవి. పైన సన్నని నెలవంక, క్రింద నీటిపై వెడల్పైన బంగారు దారి. విదియనాటి చంద్రుడు సూర్యాస్తమయం తరువాత సుమారు గంట, గంటన్నర లోపలనే పోతాడు. అప్పటికి సంధ్యావెలుగు ఇంకా ఆరదు. అంత సన్నని చంద్రుడు ఆ వెలుగులో నీటిపై బంగారు దారి వేయలేడు. సన్నని వెండి గీత కనబడితే అదే అదృష్టం. చవితి, పంచమి నాళ్ళలో చీకటి పడిన తరువాత దారి ఏర్పడుతుంది గాని, అప్పుడు నెలవంక అంత సన్నగా ఉండదు. బొమ్మలోని బంగారు దారి సూర్యునిది. దానిపై చంద్రుణ్ణి కూర్చోబెట్టారు. ఇంకొందరు రెండు కొమ్ముల నడుమ ఒక నక్షత్రాన్ని కూడ పెడుతున్నారు. కొమ్ముల నడుమ ఉన్నది ఖాళీ ఆకాశం కాదు, చంద్రుని చీకటి భాగమే. దాని ముందుకు ఏ నక్షత్రమూ రాలేదు.

ఈ పని కొత్తది కాదని చెప్పటం న్యాయం. 1856లో ఫ్రాన్సు దేశపు గుస్తావ్ ల గ్రే సముద్రం మీద ఒక ఓడను ఫోటో తీసినాడు. మబ్బుల వెనుకనుంచి వెలుగు నీటిమీద పడుతున్నది. అది పగటిపూట, సూర్యుని వెలుగులో తీసినది. అయినా చాలామంది దానిని వెన్నెల చిత్రమని అనుకొన్నారు, ఆ పేరుతోనే పిలిచారు. ఆ రోజుల గాజు పలకల మీద ఆకాశమూ సముద్రమూ ఒకేసారి సరిగా పడేవి కావు. సముద్రానికి తగిన సమయం ఇస్తే ఆకాశం తెల్లబడిపోయేది. అందుచేత ల గ్రే కొన్ని సముద్ర చిత్రాలను రెండు నెగటివులనుంచి కలిపి అచ్చువేసినాడు. మరి ల గ్రేను మెచ్చుకొని, మన కార్డులను ఎందుకు తప్పు పడుతున్నారు అని పాఠకులు అడుగవచ్చును.

ఇక్కడ తేడా ఉన్నది. కంటికి కనబడినదానిని పలక పట్టలేకపోయినప్పుడు, ఆ లోటు తీర్చటానికి ల గ్రే రెండు పలకలు వాడినాడు. మన కార్డు చేసినవారికి అటువంటి లోటు లేదు. వారి కెమెరా ఆకాశాన్నీ, సముద్రాన్నీ, ఒరిగిన చంద్రుణ్ణీ మూడింటినీ పట్టుకొన్నది. పట్టుకొన్నదానిని వారు తీసివేశారు. చేతకాక చేసిన ఉపాయానికీ, చేతనై ఉండి చేసిన మార్పుకూ ఒకే మార్కులు వేయలేము.

మరొక ఉదాహరణ. అమెరికా దేశపు ఆన్సెల్ ఆడమ్స్ న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రోదయాన్ని తీసినాడు. అందులోనిది నెలవంక కాదు, పున్నమికి దగ్గరి చంద్రుడు. వెలుగును కొలిచే మీటరు ఆ తొందరలో దొరకకపోతే, చంద్రుని వెలుగు ఎంతో తనకు తెలిసిన లెక్కను బట్టి ఆయన ఎక్స్‌పోజరు నిర్ణయించుకొన్నాడు. తరువాతి సంవత్సరాలలో అచ్చువేసినప్పుడల్లా ఆకాశాన్ని ఇంకా నల్లగా చేస్తూ పోయినాడు. అది ఆయన కళ; దానిని ఎవరూ తప్పు పట్టలేదు. కాని చంద్రుణ్ణి కదపలేదు. ఆ ఫోటో ఏ తేదీన తీసినదీ ఆయనకే సరిగా జ్ఞాపకం లేదు. చాల సంవత్సరాల తరువాత ఖగోళ గణితం తెలిసినవారు చంద్రుడున్న చోటును బట్టి లెక్కించి, 1941 నవంబరు 1, సాయంకాలం 4 గంటల 49 నిమిషాలు అని తేల్చినారు. తీసినవాడు మరచినదానిని కూడ బొమ్మ జ్ఞాపకం ఉంచుకొన్నది. మన ఉగాది కార్డును ఎవరైనా ఆ విధంగా లెక్కిస్తే ఏమి తేలుతుంది? ఇది మారిషస్‌లో తీసినది కాదు అని తేలుతుంది.

ఇక మెచ్చుకోదగిన బొమ్మను గూర్చి చెప్పాలి. సాయంకాల తెలుగు తరగతులకు వచ్చే ఒక అమ్మాయి తీసినది. అల్బియాన్ దగ్గరి ఒడ్డునుంచి, ఉగాది మరునాడు. మొదట చూస్తే చంద్రుడు ఎక్కడ అని వెదకవలసి వస్తుంది. అంత చిన్నది. కాని నిజానికి చంద్రుడు ఆకాశంలో అర డిగ్రీ మాత్రమే. పాత 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద 50 మిల్లీమీటర్ల కటకంతో తీస్తే చంద్రబింబం అర మిల్లీమీటరైనా రాదు. 200 కటకంతో రెండు మిల్లీమీటర్లకు లోపే. మన కంటికి క్షితిజం దగ్గర చంద్రుడు పెద్దగా తోచటం మనస్సు చేసే మాయ. ఫిల్ము ఆ మాయలో పడదు. ఆ అమ్మాయి ఈ చిన్నతనాన్ని దాచలేదు. విశాలమైన ఆకాశాన్ని ఖాళీగా వదలి, క్రింద క్షితిజాన్ని గీత గీసినట్లు సమంగా ఉంచి, కుడివైపుకు ఒరిగిన ఆ గోరంత వెలుగును ఎడమ పక్కన పెట్టింది. గీత సమంగా ఉండటం వల్లనే ఒరుగుడు ఒరుగుడుగా తెలుస్తున్నది. ఇది ఆమె చేసిన మంచి పని.

ఇందులో లోపాలు లేవని కాదు. నల్లని రాళ్ళు మూలలో అనవసరంగా బరువుగా ఉన్నాయి. చంద్రుని వెలిగే అంచు కొంచెం కాలిపోయినట్లు తెల్లబడింది. దీనికి ఒక కారణం ఉన్నది. ఆ కారణమే ఈ బొమ్మకు అందం కూడ. ఆమె నెలవంకతోపాటు చంద్రుని చీకటి భాగాన్ని కూడ పట్టుకోవాలని చూసింది. ఆ బూడిద వెలుగు వెలిగే అంచుకంటె వేల రెట్లు తక్కువ. రెండింటినీ ఒకే ఎక్స్‌పోజరులో నిండుగా చూపటం కష్టం. ఆమె ఎక్కువ సేపు తెరచి ఉంచింది. ఇంకా ఎక్కువ తెరచి ఉంటే చంద్రుడు జరిగి చారగా మారేవాడు. తన వెడల్పంత దూరం జరగటానికి ఆయనకు రెండు నిమిషాలు చాలు.

ఆ బూడిద వెలుగు ఏమిటో పిల్లలకు చెప్పాలి. సూర్యుని వెలుగు భూమి మీద పడి, భూమి నుంచి చంద్రునికి పోయి, అక్కడనుంచి మన కంటికి తిరిగి వస్తుంది. దీనిని సుమారు ఐదువందల సంవత్సరాల క్రిందటనే లియొనార్డో డా వించీ గ్రహించి వ్రాసినాడు. మనకు ఇక్కడ చీకటి పడే వేళ పగలు ఉండేది ఎక్కడ? ఆఫ్రికాలో, అట్లాంటిక్ సముద్రం మీద, దక్షిణ అమెరికాలో. వారి పగటి వెలుగు మన నెలవంక ఒడిలో కనబడుతున్నది. ఏ ఒక్క దేశానికీ చెందక, ఇన్ని చోట్ల తిరిగి మన దగ్గరకు వచ్చే వెలుగును ఈ దీవివాసులకంటె ఎవరు బాగా అర్థం చేసుకోగలరు? పారసీ నవలలు వ్రాయకుండానే ఆ అమ్మాయి బొమ్మ ఈ మాట చెబుతున్నది.

పడవ వంటి నెలవంకే కావాలంటే అది మన ఆకాశంలోనూ దొరుకుతుంది. భాద్రపద మాసంలో మన లెక్క తిరగబడుతుంది. అప్పుడు ఆంధ్రలో నెలవంక ఒరుగుతుంది, మన దీవిలో సమంగా పడుకొంటుంది. కాని చూడండి చమత్కారం! ఆ పడవ చవితి నాటి చంద్రుడు. వినాయక చవితినాడు చంద్రుణ్ణి చూడరాదని మన నాయనమ్మలు తలుపులు మూసేవారు. శ్రీకృష్ణుడు పాలలో నీడను చూసినందుకే శమంతకమణి దొంగిలించినాడన్న నీలాపనింద మోయవలసి వచ్చింది. మరి ఫోటోలో చూసినా దోషమేనా? ఈ ప్రశ్నను పురోహితులకు వదలుతున్నాము. కథ విని, అక్షతలు తలపై వేసుకొన్నవారు మరునాడు పంచమి చంద్రుణ్ణి తీయవచ్చును. అప్పుడు ఆ పడవను ఎవరూ అతికించనక్కరలేదు.

"కార్డు మంగళకరంగా ఉంటే చాలదా? ఇంత డిగ్రీల లెక్క ఎందుకు?" అని కొందరు అంటారు. కళకు స్వేచ్ఛ ఉండాలి అన్నది మాకూ సమ్మతమే. రంగులు వేసి చిత్రం గీసేవారు చంద్రుణ్ణి ఎట్లైనా గీయవచ్చును. అది గీసినదని అందరికీ తెలుసు. ఫోటో మాత్రం "నేను అక్కడ ఉన్నాను, ఇది చూసినాను" అని సాక్ష్యం చెబుతుంది. సాక్షి మాట మార్చకూడదు. 2023లో పేరున్న ఒక ఫోను మసకగా ఉన్న చంద్రునికి తానే మచ్చలూ గీతలూ చేర్చుతున్నదని బయటపడి పెద్ద చర్చ జరిగింది. యంత్రాలే మన తరఫున చంద్రుణ్ణి గీసే ఈ రోజులలో, చూసినది చూసినట్లు ఉంచటం చిన్న గుణం కాదు.

దీనిలో మరొక సంగతి కూడ ఇమిడి ఉన్నది. మనలో చాలామందివలె మేము కూడ తెలుగును ఊయలలో కాక సాయంకాల తరగతిలో, అప్పు తెచ్చుకొన్న వాచకాలతో నేర్చుకొన్నవారము. ఆ వాచకాలకు మేము ఎంతో ఋణపడి ఉన్నాము. కాని వాటిలోని ఋతువులు, పంటలు, నదులు ఆంధ్రదేశానివి. ఆ బొమ్మలను చూసి చూసి, మన కిటికీలో కనబడేది తప్పనీ, పుస్తకంలో ఉన్నదే ఒప్పనీ అనుకోవటం సులభం. తోటలలో మన పెద్దలు మాట్లాడిన తెలుగును కూడ "వంకర" అన్నవారు ఉన్నారు. అది కూడ వంకర కాదు. మరొక అక్షాంశంలో నిలబడి మాట్లాడిన తెలుగు. ఉగాది ఒక్కటే, చంద్రుడు ఒక్కడే, తిథి ఒక్కటే. నిలబడిన చోటు వేరు. ఆ వేరును చెరిపివేస్తే ఉగాది పెరగదు, మనమే తగ్గుతాము.

కాబట్టి మన యువకులకు మా మనవి. వచ్చే విదియకు పడమటి ఒడ్డుకు పోండి. రంజాను నెల చివర మన ముస్లిం సోదరులు చంద్రుని కోసం చూసేదీ ఆ ఆకాశమే. వారిని అడిగితే ఏ గడియలో, ఏ దిక్కున చూడాలో చక్కగా చెబుతారు. కెమెరాను కదలని పీటమీద నిలపండి. క్షితిజాన్ని సమంగా ఉంచండి, చంద్రుణ్ణి ఆయన ఇష్టానికి వదలండి. చివరి నిమిషం వరకు ఉండండి. నీటిని తాకే వేళ నెలవంక ఎర్రబడి, నొక్కినట్లు చదునవుతుంది. గాలి వెలుగును వంచటంవల్ల, మనకు ఆయన నీటి అంచున కనబడే ఆ క్షణానికి నిజానికి క్షితిజం క్రిందికి పోయి ఉంటాడు. ఇంటికి వచ్చిన తరువాత ఫోటో వెనుక ఊరు, తేదీ, గంట, తిథి తెలుగులో వ్రాయండి. ఆ విధంగా తీసిన బొమ్మలు వస్తే వచ్చే ఉగాదికి మన పత్రిక ముఖపత్రం మీద ఒరిగిన నెలవంకే ఉండాలని సంపాదకులను కోరుతున్నాము.